కారు కొట్టానికి వేపచెక్క తలుపు

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికంటే ముందు ముసలిదైపోయింది మా నాయన కారు. దానికి దగ్గు, ఆయాసం, కీళ్ళనొప్పులు అన్నీ ఉండేవి. పొద్దున్నే స్టార్టు చేస్తే వీధి వీధంతా వినేలా దగ్గి, నాలుగుసార్లు కిందామీదా ఊగి, అప్పుడు గానీ కదిలేది కాదు. ఆ కారునే మా నాయన ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగుకు, పులివెందులకు, ఎవరు ఎక్కడికి పిలిస్తే అక్కడికి బాడుగకు తిప్పేవాడు. పెళ్ళివాళ్ళు, రోగులు, లింగాల వైపు చీనీ తోటల్లో బత్తాయిల బేరానికి పోయేవాళ్ళు, అందరూ అందులోనే ఎక్కేవాళ్ళు. కారు అలిసిపోతే మెకానిక్కు దగ్గర వదిలేవాళ్ళు. ఆయన దాని మూతి తెరిచి, ఒక పూటంతా విశ్రాంతి ఇచ్చి పంపేవాడు. మా నాయన అలిసిపోతే వదిలేదానికి అట్లాంటి చోటు ఏదీ లేదు.

ఒకసారి తెల్లారి చూస్తే కారులో బ్యాటరీ లేదు. ఎవరో మహానుభావుడు విప్పుకుపోయాడు. అప్పటి నుంచి మా నాయన రాత్రిళ్ళు కారులోనే పడుకునేవాడు. పడుకునేవాడు అంటున్నానే గానీ దాన్ని పడుకోవడం అనకూడదు. ఆయన పొడుగు మనిషి. వెనక సీటులో ముడుచుకుంటే మోకాళ్ళు వచ్చి గడ్డానికి తగిలేవి. అద్దం దించితే దోమలు, ఎత్తితే ఉక్క. కుక్క మొరిగితే లేచేవాడు. మొరగకపోతే ఎందుకు మొరగలేదా అని లేచేవాడు. తెల్లారి కారు దిగేటప్పుడు ఒంట్లో ఒక్కొక్క ఎముకనూ పిలిచి, బతిమాలి, లేపి నిలబెట్టుకున్నట్టు మెల్లగా నిలబడేవాడు. మళ్ళీ అదే కారులో ముందు సీటులో కూర్చుని పనికి పోయేవాడు. ఇల్లు మారింది వెనక సీటుకు, ఆఫీసు ముందు సీటులో. ఇంత దగ్గరగా ఉద్యోగం ఎవరికి దొరుకుతుందని నేను ఎగతాళి చేసేదాన్ని. ఆయన నవ్వేవాడు. నవ్వడానికి కూడా ఓపిక కూడగట్టుకోవాల్సి వచ్చేదని నాకు అప్పుడు తెలియదు.

మా ఇంటికి ఆనుకుని ఒక ఎద్దుల కొట్టం ఉండేది. ఎద్దులు పోయాయి, కొట్టం మిగిలింది. మూడు వైపులా బండల గోడ, పైన రేకులు. వీధి వైపు మాత్రం నోరు తెరుచుకుని ఉండేది. ఆ నోటికి ఒక తలుపు పెట్టగలిగితే కారును లోపల తోసి, తాళం బిగించి, నాయన ఇంట్లో మంచం మీద కాళ్ళు చాపుకుని పడుకోవచ్చు. ఆ ఏడాది మా ఇంట్లో అందరి కోరికా అదొక్కటే. వేరే ఇళ్ళలో పిల్లలు కొత్త గౌను కోసం ఏడుస్తుంటే నేను తలుపు ఎప్పుడొస్తుందని అడిగేదాన్ని.

ఈ రోజుల్లో అది పెద్ద విషయం కాదు. మొన్న మా మనవడు ఫోనులో వీడియోలు చూసి, తన కొత్త ఇంటికి తానే చెక్కతో కారు షెడ్డు తలుపు చేసుకున్నాడు. వాడిది లోపలికీ తెరుచుకోదు, బయటికీ తెరుచుకోదు, మీట నొక్కితే పైకి పోతుంది. ఎట్లుంది అవ్వా అని అడిగాడు. బాగుందిరా, చొక్కా ఎత్తి కడుపు చూపించినట్టుంది అన్నాను. కానీ ఆ చెక్కకు చిత్రిక పడుతున్నప్పుడు వచ్చిన వాసన మాత్రం నన్ను ఊరికే వదల్లేదు.

మా కాలంలో అంత వెడల్పు తలుపు యాడ అడిగినా దొరికేది కాదు. ఇంటి తలుపులు చేసేవాళ్ళు ఉన్నారు, బీరువాలు చేసేవాళ్ళు ఉన్నారు, కారు పట్టే తలుపంటే మాత్రం నవ్వారు. చివరికి పక్కింటి చాచా ముందుకొచ్చాడు. చాచాది వడ్రంగం పనే. పగలంతా బజారులో పని చేసి వచ్చి, సాయంత్రం టీ తాగి, చెవి వెనక పెన్సిలు పెట్టుకుని మా వాకిట్లోకి వచ్చేవాడు. ఆయనకూ అలుపే. అలిసిపోయిన ఇద్దరు మగవాళ్ళు కలిసి ఒక పని మొదలుపెడితే అది ఎట్లా నడుస్తుందో చూడాలంటే మా ఇంటికి రావలసిందే. ఒకరు రంపం లాగుతుంటే ఇంకొకరు కునుకు తీసేవాళ్ళు. తర్వాత వంతులు మారేవి.

మా చేనులో గాలికి పడిపోయిన వేపచెట్టును కోత మిషనులో పలకలు కోయించారు. వాటిని గోడకు ఆనించి నీడలో ఎండబెట్టారు. పచ్చి చెక్కతో చేస్తే మన ఎండలకు వంకర్లు తిరుగుతుందని చాచా తొందరపడనివ్వలేదు. అది ఎండే లోపల మా నాయన ఎండిపోయేట్టున్నాడని మా అవ్వ రోజూ దెప్పేది. మా అవ్వంటే నాయన వాళ్ళమ్మ. నోట్లో ఎప్పుడూ ఆకూవక్కా, మాటలో ఎప్పుడూ రోంత కారం.

పలకలు ఎండాక చిత్రిక పట్టడం మొదలైంది. నాకూ అందులో ఉద్యోగం దొరికింది. అప్పటికే నేను ఐదో తరగతితో బడికి ఒక దండం పెట్టి వచ్చేసి ఉన్నాను. పలక కదలకుండా దాని చివర ఎక్కి కూర్చోవడమే నా పని. నా బరువే నా చదువు. చాచా చిత్రికను తోస్తుంటే చెక్క పొట్టు చుట్టలు చుట్టలుగా వచ్చి నా కాళ్ళ మీద పడేది. నేను ఊరికే కూర్చోకుండా వాగుతూ ఉంటే ఆయన చిత్రిక ఆపి, "ఈ పాప నోటికి గూడా ఒక గడియ చేస్తా మామా, చెక్క మిగిలితే" అని మా నాయనతో అనేవాడు. "చేస్తే ఇనుముతో చెయ్ చాచా, చెక్కది నిలవదు" అనేదాన్ని నేను. మా నాయన కళ్ళు మూసుకునే నవ్వేవాడు.

మా అమ్మ మాత్రం ఆ నవ్వుల్లోకి వచ్చేది కాదు. అంతకు ముందటేడు నాకొక తమ్ముడు పుట్టి, పేరు పెట్టకముందే పోయాడు. ఇప్పుడు అమ్మ మళ్ళీ కడుపుతో ఉంది, నీళ్ళాడే రోజులు దగ్గరపడ్డాయి. ఇంట్లో ఏ చిన్న వస్తువు కింద పడినా చెయ్యి కడుపు మీదికి పోయేది. పిల్లి అడ్డమొస్తే గంట సేపు గడప దాటేది కాదు. ఎవరూ ఆమెను ఏమీ అనేవాళ్ళు కాదు. అనే ఓపిక కూడా ఎవరికీ లేదు.

తలుపు తయారైంది. రెండు పెద్ద రెక్కలు. అడ్డంగా పట్టీలు, వాటి మధ్య ఏటవాలుగా ఒక్కొక్క పట్టీ, రెక్క వాలిపోకుండా. మా వీధిలో అట్లాంటి తలుపు అంతకు ముందు లేదు. తుమ్మకొయ్య చట్రం నిలబెట్టి, మడత బందులు బిగించి, రెక్కలు ఎక్కించిన రోజు మా అమ్మే పసుపు రాసి బొట్లు పెట్టింది. టెంకాయ కొట్టారు. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు. వీధిలో వాళ్ళంతా వచ్చి నిలబడ్డారు. మా నాయన తల దువ్వుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, పెళ్ళికొడుకులాగా కారెక్కాడు. రెక్కలు రెండూ లోపలికి తెరిచి గోడలకు ఆనించారు. కారు దగ్గుకుంటూ లోపలికి పోయింది. వెనక గోడకు ముక్కు తగిలేంత వరకు పోయి ఆగింది. అందరూ చప్పట్లు కొట్టారు.

చాచా వచ్చి ఒక రెక్కను పట్టుకుని మూయబోయాడు. అది కొంచెం కదిలి, కారు వెనక బంపరుకు టక్కున కొట్టుకుని ఆగింది. రెండోది మూయబోయాడు. అదీ టక్కుమంది.

కొట్టం పొడుగు కారుకు సరిపోయింది. కారు పొడుగు కొట్టానికి సరిపోయింది. రెక్కలు లోపలికి తిరిగి రావడానికి మాత్రం చోటు మిగల్లేదు. ఇన్ని రోజులు కొలిచినవాళ్ళు, కోసినవాళ్ళు, పక్కన నిలబడి సలహాలు చెప్పినవాళ్ళు, ఎవరికీ ఆ సంగతి తట్టలేదు. తట్టదు. తలుపంటే ఇంట్లోకే తెరుచుకుంటుంది. మా వీధిలో ప్రతి ఇంటి తలుపూ అట్లాగే తెరుచుకునేది. చాచా పుట్టినప్పటి నుంచి చేసిన తలుపులన్నీ అట్లాంటివే. ఇంట్లోకి మనుషులు వస్తారు, పక్కకు తప్పుకుంటారు, తలుపు మూస్తారు. కారు పక్కకు తప్పుకోదని ఎవరికి గుర్తుంటుంది?

అందరూ వంగి బంపరును చూశారు, రెక్కను చూశారు. తర్వాత ఎదురింటి మామ గొంతు సవరించుకున్నాడు.

"ఏమప్పా, కారుకు వాకిలి చేసినావా, వాకిలికి కారు కొన్నావా?"

"కారు బయట పెట్టి వాకిలి మూసుకో. కారు పోయినా వాకిలన్నా మిగుల్తాది" అన్నాడు ఇంకొకాయన.

"చాచా, కారుకు నడుం దగ్గర ఒక బందు బిగించు, మడిచి పెట్టుకుందాం" అన్నాను నేను. అందరూ పడీ పడీ నవ్వారు. నాకు చాలా గర్వంగా అనిపించింది. అప్పుడు కారులో నుంచి దిగుతున్న మా నాయన ముఖం చూశాను. నవ్వుతూనే ఉన్నాడు, కానీ కారు తలుపు మూయకుండా వెనక సీటు వైపే చూస్తున్నాడు. ఆ రాత్రి మంచం మీద పడుకుంటానని మనసులో ఎన్నిసార్లు అనుకున్నాడో. జోకు నోట్లోనే చేదైపోవడం నాకు అదే మొదలు.

చాచా గడ్డం గోక్కుని, ఇదేం పెద్ద పని కాదన్నాడు. బందులు విప్పి ఇవతలి వైపు కొడితే రెక్కలు వీధిలోకి తెరుచుకుంటాయి, ఒక్క పూట చాలు. మా నాయనకు పోయిన ప్రాణం లేచివచ్చింది. సరిగ్గా అప్పుడు మా అమ్మ గడపలో నిలబడి, "వద్దు" అంది.

అందరూ అటు తిరిగారు.

"వాకిలి బయటికి తెరిస్తే ఇంట్లో ఉండేది బయటికి పోతాది. వద్దు."

అంతే అంది. చెయ్యి కడుపు మీద ఉంది.  అది ఇల్లు కాదు, ఎద్దుల కొట్టం అని ఎవరైనా అనవచ్చు. కానీ కొట్టం గోడ, మా ఇంటి గోడ ఒకటే. నాయన అమ్మ వైపు చూసి, "సరేలే" అన్నాడు. కొట్టంలో పెట్టిన కారు వెనక సీటు మీద దుప్పటి పరుచుకున్నాడు. ఇంతకు ముందు వీధిలో ముడుచుకుని పడుకునేవాడు, ఇప్పుడు తెరిచిన తలుపుల మధ్య ముడుచుకుని పడుకున్నాడు. ఇంత కష్టపడి తయారుచేసిన వేపచెక్క తలుపులు ఆయనకు చెరొక వైపు కాపలా నిలబడ్డాయి.

ఆ మాట మా అమ్మకు పుట్టింటి నుంచి వచ్చింది కాదు. కాపురానికి వచ్చిన కొత్తలో మా అవ్వే చెప్పింది. అవ్వకు ఎవరు చెప్పారో అవ్వకే తెలియదు. ఇప్పుడు దాన్ని వెనక్కి తీసుకుందామని చూసింది. ఒక రోజు పొయ్యి దగ్గర, "ఏమ్మే, ఆ మాట నేను చెప్పిందే గదా, నేనే తీసేస్తాండా. కొట్టానికి అట్లాంటియ్యేం ఉండవు" అంది. అమ్మ అన్నం వారుస్తూ తల ఎత్తలేదు. "నువ్వు నీ కొడుకు కోసరం చెప్తాండావు అత్తా" అంది. అందులో కోపం లేదు. నిజం ఉంది. అవ్వ పొయ్యిలోకి ఇంకో పుల్ల తోసింది.

రోజులు అట్లాగే పోయాయి. ఒక మధ్యాహ్నం మా నాయన నడుచుకుంటూ ఇంటికి వచ్చాడు. చొక్కాకు మట్టి, జుట్టులో పొద్దుతిరుగుడు పూరేకులు. జమ్మలమడుగులో మనుషులను దించి ఒక్కడే తిరిగి వస్తుంటే దారిలో కన్ను మూతపడిందట. కారు రోడ్డు దిగి పొద్దుతిరుగుడు చేనులోకి పోయి, దానంతట అదే ఆగిపోయిందట. "కారుకు పూలు శానా ఇష్టమంట, చూసొస్తామని పోయింది" అని నాకు చెప్పాడు. నేను నవ్వలేదు. ఇంట్లో జోకులు వేసేది నేను, ఆయన వేస్తున్నాడంటే ఏదో జరిగిందని అర్థం. అమ్మ నీళ్ళ చెంబు ఇచ్చి లోపలికి పోయింది.  అవ్వ మాత్రం కొడుకు జుట్టులో పూరేకులు ఒక్కొక్కటే ఏరి, పడేయకుండా గుప్పిట్లో పెట్టుకుని, చాలా సేపు కూర్చుంది.

ఆ సాయంత్రం మెకానిక్కు పోయి కారును తోలుకొచ్చి కొట్టంలో పెట్టాడు. తెల్లారి అవ్వ తలస్నానం చేసి, చీర మార్చుకుని, "మఠానికి పోయొస్తా. ఆడ తెలిసినోళ్ళను వాకిలి సంగతి అడిగొస్తా. వాళ్ళు ఎట్లంటే అట్ల" అంది. బ్రహ్మంగారిమఠం అంటే మా వైపు అందరికీ గురి. అమ్మ కాదనలేదు. "పాపను తీసుకొనిపో, తోడుంటాది" అంది. నన్ను ఎందుకు పంపిందో నాకు తెలుసు. నా నోట్లో ఏ మాటా నిలవదు. అవ్వ ఏం చేసినా, ఏం చెప్పినా నా ద్వారా బయటపడుతుంది.

బస్సెక్కాం. నాకు కిటికీ సీటు దొరికింది, ఇంక లోకంతో పని లేదు. చాపాడు రాగానే అవ్వ నా రెక్క పట్టుకుని లేపింది.

"దిగుమే."

"మఠం ఇంగా శానా దూరం గదవ్వా?"

"దిగుమే అంటాంటే."

దిగాం. రోడ్డు పక్కన ఒక చిన్న హోటలు. ముందు పందిరి, పందిరి కింద బండలు పరిచిన అరుగు. అవ్వ నాకు ఉగ్గాని, మిరపకాయ బజ్జీ ఇప్పించింది. తను అరుగు మీద గోడకు ఆనుకుని, ఆకూవక్కా నోట్లో వేసుకుని, కాళ్ళు చాపుకుంది. మఠం బస్సు కళ్ళ ముందే దుమ్ము లేపుకుంటూ పోయింది. నేను బజ్జీ కొరుకుతూ బస్సును చూశాను, అవ్వను చూశాను.

"మనం పోవడంల్యా?"

"ల్యా."

"మరి అడగాలంటివే?"

అవ్వ కళ్ళు మూసుకునే చెప్పింది. "ఆడికి పొయ్యి అడిగితే, వాళ్ళు వద్దంటే అప్పుడేం చేస్తావు? ఇంగ వాళ్ళ మాట దాటేకుందా? అందుకే పోగూడదు."

అంతటి తెలివైన మాట నేను బడిలో ఐదేళ్ళలో వినలేదు. ఇంకా ఏదో అడుగుదామని తిరిగేసరికి అవ్వ నిద్రపోయింది. నోరు కొంచెం తెరుచుకుని, పెదవి చివర ఆకు ఎరుపు. చిన్నగా గురక. అవ్వ పగలు నిద్రపోగా నేను ఎప్పుడూ చూడలేదు. పొద్దున అందరికంటే ముందు లేచి, అందరికంటే వెనక పడుకునేది. ఆమె కూడా అలిసిపోతుందని నాకు ఆ అరుగు మీదే తెలిసింది. కొడుకు కారులో లేచినప్పుడల్లా ఇంట్లో ఆమె కూడా లేస్తూ ఉండేదేమో. హోటలాయన గిన్నెలు గట్టిగా పెడుతుంటే నేను పోయి, "మామా, రోంత మెల్లగా" అన్నాను. ఒక మేక వచ్చి అవ్వ కొంగు నమలబోతే దాన్ని తరిమాను. నా జీవితంలో అంతసేపు మాట్లాడకుండా కూర్చోవడం అదే మొదలు, బహుశా అదే ఆఖరు.

అవ్వ లేచి ముఖం కడుక్కుంది. పక్క అంగట్లో ఒక కుంకుమ పొట్లం, నాలుగు అరటిపండ్లు కొనింది. తిరుగు బస్సులో నన్ను ఏమీ చెప్పవద్దని అనలేదు. ఒట్టు పెట్టించలేదు. బెదిరించలేదు. నా తలను తన భుజం మీదికి లాక్కుంది, అంతే. ఆ భుజం బరువు ప్రొద్దుటూరు దాకా నా మీదే ఉన్నట్టు ఉండింది.

ఇంటికి వచ్చేసరికి అమ్మ వాకిట్లోనే నిలబడి ఉంది. అవ్వ కుంకుమ పొట్లం ఆమె చేతిలో పెట్టింది.

"అరుగు మీద ఒక పెద్దాయన కూచోనుండాడు. అడిగితి. మనుషులుండే ఇంటికి వాకిలి లోపలికి తెరవాల. బండుండే కొట్టానికి బయటికే తెరవాల. బండి పనే బయటికి పొయ్యేది, దానికి అడ్డం పడగూడదు అన్యాడు. ఏమన్నా అయితే ఆ మాట నా మీద పెట్టుకో అన్యాడు."

అమ్మ అవ్వ ముఖం చూడలేదు. నా వైపు తిరిగింది.

"నువ్విన్యావామే?"

నా నోట్లో మాట నిలవదని చెప్పాను కదా. నిజం చెప్పాలని నాలుక దురద పెట్టింది. అబద్ధం చెప్పాలంటే అంతకంటే ఎక్కువ దురద. పక్క కొట్టంలో తెరిచిన తలుపుల మధ్య మా నాయన కారు డిక్కీకి ఆనుకుని నిలబడే తూగుతున్నాడు. ఎట్లా వచ్చిందో తెలియదు, వచ్చేసింది.

"ఇన్యా మా. ఆ పెద్దాయప్ప శానా అలిసిపోయి ఉండాడు. చెప్పేసి, కూచున్యకాడే గోడకు ఆనుకుని నిద్రపోయినాడు. గురక గూడా పెట్టినాడు. ఒక మేక వచ్చి గుడ్డ నమలబోతే నేనే తరిమినా."

అమ్మ నన్ను చూసింది. తర్వాత అవ్వను చూసింది. అవ్వ కొంగు సరిచేసుకుంటోంది. అమ్మ కళ్ళు ఆ కొంగు మీద నిలిచాయి, అక్కడి నుంచి అవ్వ నోటి దగ్గరికి వచ్చాయి.

"ఆ పెద్దాయన నోట్లో ఆకూవక్కా గూడా ఉన్యాదా?" అని అడిగింది నన్నే.

"ఉన్యాది మా."

అమ్మ గిరుక్కున గోడ వైపు తిరిగింది. భుజాలు కదులుతున్నాయి. నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు, ఆమెకు కూడా తెలిసి ఉండదు. అవ్వ పోయి ఆమె వీపు మీద చెయ్యి వేసింది.  కాసేపటికి అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, "చాచాను పిలుచుకొనిరాపోమే. బజారులో పని కాడే ఉంటాడు, ఇప్పుడే రమ్మను" అంది.

నాకు అప్పుడు సగమే అర్థమైంది. మిగిలిన సగం నేను కూడా కడుపుతో ఉండి, భయపడి, ఒక ఇల్లు నడిపాక అర్థమైంది. మా అమ్మకు అవ్వ అబద్ధం తెలిసిపోయింది. తెలిసే ఒప్పుకుంది. ఆమె వద్దన్నది తలుపును కాదు. సరే అన్న తర్వాత ఏదైనా జరిగితే, ఆ సరే తన నోటి నుంచి వచ్చిందన్న బరువు మోయలేనంది. తమ్ముడు పోయినప్పుడు ఒకసారి మోసి ఉంది కదా. మఠానికి పోకుండానే అవ్వ తెచ్చింది అదే, ఏమన్నా అయితే నా మీద పెట్టుకో అన్న మాట. అది పెద్దాయన మాటగా చెప్పింది గానీ ఎవరి మాటో అమ్మకు తెలియదా?

చాచా వచ్చి బందులు విప్పాడు. "మఠం దాకా పోయి తెలుసుకొనొచ్చినావా అవ్వా? నన్నడిగింటే నేనూ ఇదే చెప్పుందును గదా" అన్నాడు. "నువ్వు చెప్తే ఎవరింటారప్పా, నీకు గురక రాదు" అన్నాను నేను. మా అమ్మ గట్టిగా నవ్వింది. ఆ నవ్వుకు చాచా పట్టుకున్న మేకు జారి కింద పడింది. అమ్మ చెయ్యి ఈసారి కడుపు మీదికి పోలేదు. తర్వాత కొన్నాళ్ళకు నాకొక చెల్లెలు పుట్టింది. ఇప్పుడు పులివెందులలో ఉంది, నాకంటే లావు, నాకంటే వాగుడు.

పొద్దు వాలకముందే రెక్కలు వీధిలోకి తెరుచుకున్నాయి. కారు లోపలికి పోయింది. నాయన, చాచా చెరొక రెక్కా పట్టుకుని మూశారు. ఈసారి టక్కుమనలేదు. వేపచెక్కకు వేపచెక్క ఆనుకుని మెత్తగా కూర్చుంది. వీధిలో ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అందరికీ నాయన ముఖం కనిపిస్తోంది. అవ్వ చెప్పకముందే ఎదురింటి మామ తన రేడియో ఆపేశాడు.

నాయన అన్నం కూడా తినలేదు. మంచం మీద కూర్చుని, చెప్పులు విడిచి, వెనక్కి వాలాడు. ఆ కాళ్ళు చాపుకోవడం నేను చూశాను. మెల్లగా, భయం భయంగా, మధ్యలో ఏదైనా తగులుతుందేమోనన్నట్టు చాపాడు. ఏమీ తగల్లేదు. నిద్ర పట్టాక కూడా ఎడమ కాలు మాత్రం అప్పుడప్పుడు ముందుకు నొక్కేది. క్లచ్చు తొక్కుతున్నాడు. నిద్రలో కూడా ఎవరినో ఎక్కడికో చేరుస్తున్నాడు. అమ్మ మంచం దగ్గర కూర్చుని, పెద్ద కడుపుతో కష్టంగా వంగి, ఆ పాదాన్ని రెండు చేతులతో పట్టుకుంది. కాసేపు ఆమె చేతుల్లోనే తొక్కి, తర్వాత ఆగిపోయింది.

నేను పెద్దదాన్నయ్యాను, ముసలిదాన్నయ్యాను, నోరు మాత్రం అట్లాగే ఉంది. నా దగ్గరికి కోడళ్ళు, ఇరుగుపొరుగు ఆడవాళ్ళు ఏదో ఒకటి అడగడానికి వస్తారు. ఈ పని చేయొచ్చా అత్తా, ఈ రోజు పోవచ్చా అత్తా, ఏమీ కాదు కదా అని. శాస్త్రం నాకు తెలియదు, చదువు అంతకంటే తెలియదు. ముందు వాళ్ళ కళ్ళ కింద చూస్తాను. నల్లగా ఉంటే, ఇంట్లో ఎవరు నిద్రపోవడం లేదని అడుగుతాను. చెప్పేది విని, చెయ్యమ్మా, ఏమన్నా అయితే నా మీద పెట్టుకో అంటాను. ఇప్పటి వరకు నా మీద చాలానే పడ్డాయి. నడుం వంగింది వయసుకని డాక్టరు అంటాడు, అననీ. ఆ మాట చెప్పిన ప్రతిసారీ ఎదురుగా ఉన్నవాళ్ళ భుజాలు ఒక్క వేలెడు కిందికి దిగుతాయి. అది చూస్తే నాకు ఎవరో ఒక పాదాన్ని పట్టుకుని ఆపినట్టే ఉంటుంది.